సాయం బల్ల పక్కన పుస్తకాల అర – మూడో పాఠం: కాగితం మీద తేదీ

పోయిన పాఠం చివర ఒక పని చెప్పాను. నెల రోజులపాటు, గల్ఫ్‌కు పనికి వెళ్లినవాళ్లకూ వాళ్ల ఇంట్లోవాళ్లకూ సాయం చేసే మీ బల్ల దగ్గరికి వచ్చినవాళ్లు అడిగిన ప్రతి మాటనూ, మీ భాషలోకి దిద్దకుండా, వాళ్ల నోట వచ్చినట్టే నోటుపుస్తకంలో రాయమన్నాను. ఆత్మకూరులో మేం రాసుకున్న పుస్తకం మొదటి పేజీలో ఇవి ఉన్నాయి: "పాప కువైట్ పోయి ఏడు నెల్లయింది, ఒక్క నెలన్నా దుడ్లు రాలేదు." "ఏజెంటు పాస్‌పోర్టు పెట్టుకోనుండాడు, అడిగితే రేపంటాడు." "మావోడు కల్లివెల్లి అయ్యాడంట, అవుట్‌పాస్ ఎట్టా తీసుకోవాల?" "బాడీ ఎప్పుడొస్తాది సామీ?" (కల్లివెల్లి అంటే యజమాని దగ్గర్నుంచి పారిపోయి కాగితాలు లేకుండా ఉండిపోవడం, అవుట్‌పాస్ అంటే అలాంటివాళ్లు ఇంటికి తిరిగి రావడానికి ఇచ్చే కాగితం.) నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎక్కడ బల్ల వేసుకున్నా మీ పుస్తకంలోనూ ఇంచుమించు ఇవే ఉంటాయి.

ఆ ప్రశ్నలే మన పుస్తకాల అరకు కొలత. ఎవరూ అడగని విషయం మీద వెయ్యి పేజీల పుస్తకం కొని పెట్టినా చెదలకు మేతే. రెండో పాఠంలో ఆ కొలతతోనే ఐదు కట్టలు పోగేశాం: 1983 ఎమిగ్రేషన్ చట్టం, దాని నిబంధనలు, 1967 పాస్‌పోర్టుల చట్టం, 1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం, 2005 సమాచార హక్కు చట్టం. చట్టాలన్నీ ఇండియా కోడ్ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఈపాటికి ప్రింటు తీయించి స్పైరల్ బైండింగు చేయించి ఉంటారు. ఇక ఆ కట్టలను నమ్మి జవాబు చెప్పగలిగేలా చేసుకోవాలి.

మా దగ్గర జరిగిన పొరపాటు చెప్తాను. 2024 ఆగస్టులో ఉదయగిరి వైపు నుంచి ఒకతను వచ్చాడు. డ్రైవరు వీసా అని చెప్పి సబ్ ఏజెంటు ఆ నెలలోనే అతని దగ్గర డబ్బు తీసుకున్నాడు, ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. ఫిర్యాదు నేనే రాసిచ్చాను. ఐపీసీ 420 అని రాశాను, అరలో ఉన్న పుస్తకంలో అదే ఉంది మరి. అప్పటికే, ఆ ఏడాది జులై 1 నుంచి, ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చేసింది. అందులో ఈ రకం మోసానికి 318(4). సెక్షను మార్చి రాసుకురమ్మని స్టేషనులో అతన్ని తిప్పి పంపారు. నిజానికి ఫిర్యాదు ఇచ్చేవాళ్లు సెక్షను రాయనక్కర్లేదు. జరిగింది జరిగినట్టు రాస్తే చాలు, సెక్షను పెట్టుకోవడం స్టేషను పని. కానీ రాసినప్పుడు సరైనది రాయాలి కదా. అతనికి ఒక రోజు కూలి పోయింది, రెండు బస్సుల ఛార్జీ పోయింది. ఆ తప్పు నాది.

ఆ సాయంత్రమే పాత ఐపీసీ పుస్తకం అరలోంచి తీసి పారేయబోయాను. మా పెద్దాయన, కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరయినాయన, చెయ్యి పట్టుకుని ఆపాడు. "నేరం ఎప్పుడు జరిగితే అప్పటి చట్టమే గదా అబ్బయ్యా, పాతది పారేస్తే పాత కేసుకు ఏం చూస్తావ్?" అన్నాడు. రెండు నెలలకే ఇంకో కుటుంబం వచ్చింది. వాళ్లు డబ్బు కట్టింది 2023లో. వాళ్లకు 420యే వర్తిస్తుంది. పుస్తకం ఉంది కాబట్టి సరిపోయింది.

అందుకని మన అరలో ప్రతి కాగితానికీ తేదీ ఉండాలి, ఎదురుగా కూర్చున్న మనిషికి జరిగినదానికీ తేదీ రాసుకోవాలి. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూశాకే నోరు తెరవాలి. ఈ పాఠంలో నేర్చుకోవలసిన నైపుణ్యం ఇదే.

ప్రతి కట్ట మొదటి పేజీ మీద అరచేతంత చీటీ అతికించండి. మేం దాన్ని నుదుటి చీటీ అంటాం. దాని మీద ఆరు గడులు: ఎక్కడి నుంచి తీసుకున్నాం, ఏ రోజు తీసుకున్నాం, కట్టలో ఉన్నది ఏ తేదీ నుంచి అమల్లో ఉంది, ఏ తేదీ దాకా ఉన్న సవరణలు ఇందులో కలిసి ఉన్నాయి, మళ్లీ ఎప్పుడు చూడాలి, చూసింది ఎవరు. పెన్సిలుతో రాయకండి. వాట్సాప్‌లో వచ్చిన పీడీఎఫ్ అయితే "ఎక్కడి నుంచి" దగ్గర వాట్సాప్ అనే రాయండి, పంపినవాళ్ల పేరు చూసి మూలం అనుకోకండి. అసలు మూలం దొరికేదాకా దాన్ని చూసి ఎవరికీ జవాబు చెప్పకూడదు.

చీటీ అతికించాక అట్ట రంగు. మా దగ్గర తెల్ల అట్ట చట్టానికీ నిబంధనలకూ, పసుపు అట్ట ప్రభుత్వం ఎప్పటికప్పుడు ఇచ్చే ఆదేశాలకూ, ఎర్ర అట్ట మిగతా అన్నిటికీ. ఎర్రదానిలో పేపరు కటింగులు, సంస్థలు వేసిన కరపత్రాలు, ఇంకా చట్టం కాని ముసాయిదాలు ఉంటాయి. 1983 చట్టం స్థానంలో కొత్తది తేవాలని 2019లోనూ 2021లోనూ ముసాయిదా బిల్లులు బయటికొచ్చాయి. వాటిని చదవడం మంచిదే, కానీ వాటిలోని సెక్షను చూసి ఎవరికీ భరోసా ఇవ్వకూడదు.

పసుపు అట్టను తక్కువగా చూడకండి. ఈసీఆర్ పాస్‌పోర్టు (కొన్ని దేశాలకు పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి, అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు, తీసుకోవలసిన పాస్‌పోర్టు) ఉన్న ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండకపోతే కువైట్, సౌదీ లాంటి ఈసీఆర్ దేశాలకు ఎమిగ్రేషన్ క్లియరెన్సు ఇవ్వరు. ఇది చట్టంలో ఎంత వెతికినా కనపడదు, ఆదేశాల్లో ఉంది. మా దగ్గర కొత్తగా చేరిన అమ్మాయి ఒక పూటంతా తెల్ల అట్ట తిరగేసి, అలాంటి నియమమేదీ లేదని చెప్పబోయింది. ఏజెంటు తీసుకోదగ్గ సర్వీసు ఛార్జీ నిబంధనల్లోనే ఉంది, కానీ దానికీ తేదీ చూడాలి. పాత కాపీల్లో 20,000 రూపాయలని ఉంటుంది. తర్వాత అది 30,000కు పెరిగింది, జీఎస్టీ దానిపైన. లక్ష తీసుకున్నాడని ఏడ్చే మనిషికి ఎంత ఎక్కువ లాగాడో చెప్పాలంటే ఏ నాటి కాపీ మీ చేతిలో ఉందో తెలియాలి.

ఇప్పుడు తెల్ల అట్ట ఒకటి తీసి దగ్గరగా చదువుదాం. ఎమిగ్రేషన్ చట్టం 10వ సెక్షను: రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ లేకుండా ఎవరూ మనుషుల్ని విదేశీ పనికి పంపే ఏజెంటుగా పనిచేయకూడదు. 24వ సెక్షను: అలా చేస్తే శిక్ష, రెండేళ్ల దాకా జైలు. ఈ రెండూ కరపత్రాల్లో కనిపిస్తాయి. 27వ సెక్షను దగ్గరికి వచ్చేసరికి కరపత్రాలు ఒక్క ముక్కతో సరిపెడతాయి: కేంద్ర ప్రభుత్వం అనుమతి లేనిదే ఈ చట్టం కింద ప్రాసిక్యూషన్ కుదరదు. అది చదివిన ఏ తల్లయినా ఢిల్లీ అనుమతి మనకెక్కడ వస్తుందని లేచి వెళ్లిపోతుంది.

మూలం తీసి అదే సెక్షను కింది దాకా చదవండి. "అయితే" అని మొదలయ్యే ఒక మినహాయింపు ఉంది. నష్టపోయిన వలస కార్మికుడే ఫిర్యాదు చేసినా, అతని తరఫున తండ్రి, తల్లి, భర్త, భార్య, కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, సంరక్షకుడు ఎవరు చేసినా ఆ అనుమతి అక్కర్లేదు. వెళ్లినవాళ్లకే కాదు, వెళ్లాలని డబ్బు కట్టి ఇక్కడే ఉండిపోయినవాళ్లకూ ఇది వర్తిస్తుంది. ఏడు నెలలుగా దుడ్లు రాలేదన్న ఆ తల్లి రిజిస్ట్రేషన్ లేని ఏజెంటు మీద తన పేరుతోనే ఫిర్యాదు చేయవచ్చు. మా అరలో ఆ పేజీ అంచుకు ఎర్రదారం కట్టి పెట్టాం, చీకట్లో తడిమినా దొరికేట్టు. సారాంశం మాత్రమే దాచుకునే అర ఎందుకు చాలదో నాకు ఆ ఒక్క పేరా నేర్పింది.

దేశాల ఫైళ్లకు వద్దాం. అన్ని దేశాలూ ఒకేసారి మొదలుపెట్టకండి. మీ నోటుపుస్తకంలో ఎక్కువసార్లు వచ్చిన దేశంతో మొదలుపెట్టండి. మాకది కువైట్. అక్కడ ఇంటిపనికి 20 నంబరు వీసా, మనవాళ్లు ఖాదిమ్ వీసా అంటారు. కంపెనీలకు 18 నంబరు. ఈ నంబరు అడగకుండా ఫైలు తెరవకూడదు. 2010 నాటి 6వ నంబరు కార్మిక చట్టం ఇంటిపనివాళ్లకు వర్తించదని దానిలోనే ఉంది. వాళ్లకు 2015 నాటి 68వ నంబరు చట్టం వేరే ఉంది: రోజుకు 12 గంటలు మించకూడదు, వారానికొక రోజు సెలవు, ఏటా జీతంతో సెలవు, పనిమనిషి ఒప్పుకుంటే తప్ప పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు, వయసు 21కి తగ్గకూడదు, 60 దాటకూడదు. 60 దినార్ల కనీస జీతం ఆ చట్టం అమలుకు తర్వాత ఇచ్చిన ఆదేశంలోది, కాబట్టి అది పసుపు అట్టలోకి వెళ్లాలి. ఇంటిపనివాళ్ల వ్యవహారం మొదట అక్కడి హోంశాఖ చూసేది, 2019లో మానవవనరుల ప్రాధికార సంస్థ చేతికి వచ్చింది. పాత కరపత్రం చూసి పంపితే కువైట్‌లో ఉన్న పిల్ల ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకు టాక్సీ డబ్బులు పెట్టుకుని తిరగాలి. ఇంట్లోంచి దాక్కుని బయటికొచ్చిన మనిషికి ఆ టాక్సీ డబ్బులెంత కష్టమో ఆలోచించండి.

ఇంకో సంగతి. కువైట్ చట్టానికి అసలు అరబ్బీ పాఠమే. మన దగ్గరున్న ఇంగ్లిషు అనువాదం అర్థం చేసుకోవడానికే, వాదించడానికి కాదు. చీటీ మీద "అనువాదం" అని పెద్దక్షరాలతో రాయండి.

చావు కబురు తెచ్చినవాళ్ల కోసం ఒక ఫైలు వేరుగా ఉంచండి. అందులో ప్రవాసీ భారతీయ బీమా యోజన కాగితం తప్పకుండా ఉండాలి. ఈసీఆర్ పాస్‌పోర్టుతో క్లియరెన్సు తీసుకుని వెళ్లినవాళ్లందరికీ ఈ బీమా తప్పనిసరి. ప్రమాదంలో మరణించినా శాశ్వత వైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు. ఆ పాలసీ ఉందని ఇంట్లోవాళ్లకు చాలాసార్లు తెలియనే తెలియదు. ట్రంకుపెట్టెలో, బియ్యం డబ్బా అడుగున, పాత పెళ్లికార్డుల మధ్య వెతికించండి.

చిరునామాల పుస్తకానికీ తేదీలుండాలి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి వచ్చింది, అద్దంకి, చీరాల బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. అప్పట్లో, అంతకు ముందు రాసుకున్న చిరునామా చూసి కందుకూరు మనిషిని ఒంగోలు కలెక్టరేటుకు పంపితే ఒక రోజు దండగయ్యేది. ఒక్కో ఆఫీసుకు ఒక్కో అట్టముక్క, దాని మీద చివరిసారి ఫోను చేసి సరిచూసిన తేదీ. ఉచిత న్యాయసహాయానికి 15100 మొదటి ముక్క మీద రాయండి. 1987 చట్టం 12వ సెక్షను ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. మనం వకీళ్లం కాదు. కోర్టు దాకా వెళ్లే విషయమైతే నెల్లూరులోనో ఒంగోలులోనో ఉన్న జిల్లా న్యాయసేవాధికార సంస్థకు చేర్చాలి.

ఇంత పట్టింపు చిన్న కేంద్రానికి అవసరమా అని అడుగుతారు. అమెరికాలో వకీళ్లు కానివాళ్లతో వలసదారులకు న్యాయసాయం చేయించే లాభాపేక్ష లేని సంస్థలు అక్కడి న్యాయశాఖ గుర్తింపు కోరితే, వలస చట్టం మీద తగినంత జ్ఞానం, సమాచారం, అనుభవం తమకు అందుబాటులో ఉన్నాయని చూపించాలి. ఏ పుస్తకాలు, ఏ వనరులు ఉన్నాయన్నది అందులో భాగమే. మనల్ని అలా అడిగే ఆఫీసు లేదు. బల్లకు అవతల కూర్చున్న తల్లికి మనం చెప్పింది తప్పో ఒప్పో తేల్చుకునే దారీ లేదు. అందుకే మనకింకా ఎక్కువ పట్టింపు కావాలి.

వచ్చినవాళ్ల కాగితాలు, పాస్‌పోర్టు జిరాక్సులు ఈ అరలో పెట్టకండి. వాటికి తాళం వేసిన బీరువా వేరు. అసలు పాస్‌పోర్టు ఎవరు ఇచ్చినా తీసుకోవద్దు, జిరాక్సు తీసుకుని వాళ్ల చేతిలోనే పెట్టండి. మన జిల్లాల్లో పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి, కింది అర ఖాళీగా ఉంచి కట్టలు పైన పెట్టుకోండి.

రద్దయిన కాగితాన్ని పారేయకుండా చీటీ మీద "ఫలానా తేదీ దాకా" అని రాసి పాతర పెట్టెలో వేయండి. నెలకొకసారి, మేమైతే మొదటి ఆదివారం పొద్దున, ఇద్దరు కూర్చుని చీటీలు తిప్పాలి. ఒకరు చదవాలి, ఒకరు ఇండియా కోడ్‌లోనూ, విదేశీ పనికి వెళ్లేవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఈ-మైగ్రేట్ పోర్టల్‌లోనూ సరిచూడాలి. తీసిందీ చేర్చిందీ ఒక పుస్తకంలో రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి.

ఈ పాఠానికి పని. మీ అరలోంచి కళ్లు మూసుకుని ఒక కట్ట తీయండి. నుదుటి చీటీలోని ఆరు గడులూ నింపండి. నింపలేని గడి ఉంటే అది నిండేదాకా కట్టను ఎర్ర అట్టలోకి మార్చండి. తర్వాత మీ నోటుపుస్తకంలోంచి ఒక ప్రశ్న తీసుకుని, ఆ సంగతి జరిగిన తేదీ రాయండి, ఆ తేదీన అమల్లో ఉన్న కాగితం మీ అరలో ఉందేమో చూడండి. వచ్చే పాఠంలో అరబ్బీలో వచ్చే అగ్రిమెంటును పట్టుకుందాం. ఎవరి దగ్గరైనా ఉంటే పేర్లు, నంబర్లు కొట్టేసిన జిరాక్సు దగ్గర పెట్టుకోండి.