డెల్టా కాలువల్లో గాలంతో కార్పు చేపను పట్టడం ఎలా?

గోదావరి జిల్లాల్లో చేపల మాట ఎత్తితే సంభాషణ పులస దగ్గరికి వెళ్ళి ఆగుతుంది. పుస్తెలమ్మి అయినా తినాలనే నానుడి ఉన్న చేప కనుక అందులో వింత లేదు. అయితే ఆ గౌరవంలో కొంత భాగమైనా, ఏడాదిలో ఎక్కువ కాలం మన కాలువల్లో, ఊరచెరువుల్లో ఉండే బొచ్చె, శీలావతి, ఎర్రమోసు, బంగారుతీగ అనే కార్పు జాతి చేపలకు దక్కడం లేదు. "చెరువు చేపే కదా" అని తేలిగ్గా తీసిపారేసేవారు, ఒక్కసారి గాలం పట్టుకుని గట్టు మీద కూర్చుంటే, ఇవి ఎంత అనుమానపు చేపలో, వీటిని ఒప్పించడానికి ఎర విషయంలో ఎంత శ్రద్ధ కావాలో తెలుసుకుంటారు. ఆ ఎరను ఇంట్లోనే తయారు చేసుకుని, చేపను పట్టి, పట్టిన తర్వాత దానితో ఎలా వ్యవహరించాలో ఇక్కడ వివరిస్తున్నాను.

బయలుదేరక ముందే నిర్ణయించుకోండి

పట్టిన చేపను వండుకుంటారా, తిరిగి నీటిలో వదులుతారా? ఈ ప్రశ్నకు జవాబు ఇంటి దగ్గరే తేల్చుకోవాలి, ఎందుకంటే గాలం రకం, వెంట తీసుకెళ్ళే సామాను, చేపను పట్టుకునే తీరు అన్నీ దాని మీదనే ఆధారపడి ఉంటాయి. గట్టు మీద చేప కొట్టుకుంటూ ఉండగా ఆలోచన మొదలుపెట్టడం దాన్ని ఊరికే హింసించడమే అవుతుంది.

ఈ విషయంలో లోకమంతా ఒకే మాట మీద లేదు. భీమవరం, ఆకివీడు చెరువుల నుంచి ఐసులో పెట్టి లారీలకెత్తే శీలావతి బెంగాల్‌లో పెళ్ళివారు అలంకరించి వధువు ఇంటికి పంపే చేప. ఇంగ్లండులో కార్పు (మన బంగారుతీగ) కోసం రాత్రింబవళ్ళు గుడారాల్లో కాచుకునేవారు, పట్టిన చేపను తూకం వేసి, ఫొటో తీసుకుని, గాయానికి మందు రాసి మరీ వదిలిపెడతారు. చెక్ దేశంలో అదే కార్పు క్రిస్మస్ ముందురోజు రాత్రి భోజనంలో ముఖ్యమైన వంటకం. ఆస్ట్రేలియాలోనైతే నదులను పాడుచేసే బయటి చేపగా దానిపై ఎంత వ్యతిరేకత ఉందంటే, కొన్ని రాష్ట్రాల్లో పట్టిన కార్పును ప్రాణంతో తిరిగి నీటిలో వదలడం నేరం. మన దగ్గర కోనేటి చేపలకు మరమరాలు వేసి దణ్ణం పెట్టుకునే మనిషే సాయంత్రం సంతలో బొచ్చె తలకాయకు బేరమాడతాడు, ఆ రెండు పనుల్లోనూ అతనికి చేప మీద ఇష్టమే ఉంది. నా అభిప్రాయం ఒక్కటే: తినేవారు తినవచ్చు, వదిలేవారు వదలవచ్చు, కానీ అక్కరలేదని గట్టున పడేసి పోయే పద్ధతి మాత్రం ఎవరికీ తగదు.

ఏ చేప ఎక్కడ మేస్తుందో తెలుసుకోండి

బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, అది నీటి పైపొరలో మేస్తుంది. శీలావతి నడి నీటిలో తిరుగుతుంది. ఎర్రమోసు, బంగారుతీగ అడుగున బురదను వెతుక్కుంటాయి. అందుచేత నీటిపై తేలే బెండుకీ గాలానికీ మధ్య దూరం సరిచేసుకోకుండా ఎంత మంచి ఎర కట్టినా ఫలితం ఉండదు.

బంగారుతీగ నోటి పక్కన చిన్న మీసాలుంటాయి. వాటితో అది బురదలోని ఆహారాన్ని తాకి రుచి చూస్తుంది, ఆ తర్వాత నోటితో పీల్చుకుంటుంది, నచ్చకపోతే వెంటనే ఉమ్మేస్తుంది. దానికి జీర్ణాశయం లేదు కనుక ఒకేసారి కడుపు నింపుకోదు, కొద్దికొద్దిగా తరచుగా తింటుంది. ఎర తయారీలో గుర్తుపెట్టుకోవలసిన మూడు సంగతులు దీనినుంచే వస్తాయి: నీటిలో వాసన, రుచి మెల్లగా విడవాలి, నోటికి మెత్తగా తగలాలి, గాలం మీద నిలవాలి.

ఎర తయారీ

జల్లెడ పట్టిన మెత్తని తవుడు రెండు గ్లాసులు, వేరుశనగ చెక్క పొడి ఒక గ్లాసు, మైదా ఒక గ్లాసు, ఎండుకొబ్బరి తురుము అర గ్లాసు, నిమ్మకాయంత బెల్లం, చిటికెడు ఉప్పు, దోరగా వేయించి దంచిన మెంతుల పొడి అర చెంచా, బాగా మగ్గిన చక్రకేళి ఒకటి సిద్ధం చేసుకోండి. చెక్క పాతదైతే బూజును జాగ్రత్తగా చూడాలి. బూజు పట్టిన వేరుశనగలో విషపదార్థం పుడుతుంది కనుక అలాంటి చెక్కను ఎరకూ వాడకూడదు, పశువులకూ పెట్టకూడదు.

తవుడునీ చెక్కపొడినీ సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చే వరకే వేయించి దింపండి, మాడితే చేదు దిగుతుంది. బెల్లాన్ని గోరువెచ్చని గంజిలో కరిగించి వడకట్టండి. పొడులన్నీ కలిపి, అరటిపండును చిదిమి వేసి, గంజిని కొద్దికొద్దిగా పోస్తూ చపాతీ ముద్ద కన్నా కాస్త గట్టిగా కలపండి. ఒకేసారి పోస్తే ముద్ద జారుగా తయారవుతుంది, దాన్ని సరిచేయడానికి మైదా పెంచితే వాసన చచ్చిపోతుంది. తడిగుడ్డ కప్పి గంటసేపు నాననిచ్చాక, సగం ముద్దను అలాగే ఉంచి, మిగిలిన సగాన్ని ఉసిరికాయంత ఉండలుగా చుట్టి ఇడ్లీ రేకుల్లో పది నిమిషాలు ఆవిరికి ఉడికించండి. పచ్చి ముద్ద నీటిలో త్వరగా విడిపోయి చేపలను పిలవడానికి పనికొస్తుంది. ఉడికిన ఉండలో పిండి గట్టిపడుతుంది కనుక పరిగె పిల్లల్లాంటి చిన్న చేపలు పొడిచినా గాలం మీద నిలుస్తుంది.

పరీక్ష తప్పనిసరి. ఒక ఉండను బకెట్ నీటిలో వేసి ఇరవై నిమిషాల తర్వాత చూడండి. అంచులు మెత్తబడి, చుట్టూ సన్నని మబ్బులా పొడి లేచి, మధ్య భాగం వేలికి గట్టిగా తగిలితే ఎర కుదిరినట్టే. పూర్తిగా కరిగిపోతే మరికొంత మైదా కలపాలి లేదా ముద్దలో కొద్దిగా దూది పోగులు కలిపి పిసకాలి. గోళీలా గట్టిగా ఉండిపోతే తవుడు పెంచాలి.

ఎర్రమోసుకు వానపాము కూడా మంచి ఎరే. బెంగాల్‌లో గాలం వేసేవారు శీలావతికి ఎర్రచీమల గుడ్లు వాడతారు. అయితే తవుడు, చెక్క, కొబ్బరి మన ఇళ్ళలో, మన మిల్లుల్లో పుట్టినవి, చెరువు చేపలకు మేతగా అలవాటైన వాసనలు కూడా అవే, కనుక నేను వీటినే ముందు పెడతాను.

చోటు, సమయం

ధవళేశ్వరం దగ్గర ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట వల్ల ఏర్పడిన కాలువల జాలమే మన గాలాలకు ఆధారం. ప్రవాహం వంపు తిరిగి మందగించే చోటు, వంతెన స్తంభం వెనుక నీడ, తూటికాడ అంచు, కొబ్బరి చెట్టు వాలిన గట్టు చూసుకోండి. బురద అడుగు నుంచి బుడగలు వరుసగా లేస్తూ కదులుతున్నాయంటే అక్కడ బంగారుతీగ మేస్తున్నట్టు. లాకుల తలుపుల దగ్గర, వరద రోజుల్లో గట్ల అంచున మాత్రం కూర్చోకూడదు, అక్కడి నీటి లాగుడుకు ఈతగాడు కూడా నిలవలేడు. కరెంటు తీగల కింద పొడవైన కర్ర ఎత్తకండి.

చెరువు పంచాయతీదో, సంఘం వారిదో, కౌలుదారుదో ముందు కనుక్కుని అనుమతి తీసుకోండి. నీటిలో విషం కలపడం, పేలుడు పదార్థాలు వాడడం 1897 నాటి మత్స్య చట్టం ప్రకారమే నేరాలు. తెల్లవారుజామున చెరువు చేపలు నీటి పైకి వచ్చి నోళ్ళు తెరుస్తుంటే ఆకలి అనుకోవద్దు. రాత్రంతా నాచు, చేపలు పీల్చడంతో నీటిలో ప్రాణవాయువు తగ్గిపోయిందని అర్థం. ఆ సమయంలో ఎర ముట్టవు, పట్టి వదిలినా బతకడం కష్టం. ఎండ కాస్త ఎక్కాక గాలం వేయండి.

గాలం వేయడం, లాగడం

పది, పన్నెండు అడుగుల వెదురు కర్ర, గట్టి తంగీసు (గాలపు దారం), బెండు, చిన్న సీసపు గుండు చాలు. వదిలే ఉద్దేశముంటే గాలం కొన లోపలి చిన్న ముల్లును పటకారుతో నొక్కి చదును చేయండి. ముందుగా పచ్చి ముద్దను నిమ్మకాయంత ఉండలు చేసి నాలుగైదు మాత్రమే ఒకే చోట వేసి, పావుగంట ఆగండి. ఎక్కువ వేస్తే కడుపు నిండిన చేప గాలం దగ్గరికి రాదు. ఉడికిన ఉండను గాలానికి గుచ్చే బదులు, గాలం వంపు నుంచి వేలాడే చిన్న దారానికి కట్టే పద్ధతి కూడా ఉంది. చేప ఉండను పీల్చి ఉమ్మబోయేసరికి, బయట ఖాళీగా ఉన్న కొక్కెం పెదవికి తగులుకుంటుంది.

అడుగులు మెత్తగా వేయండి. ఈ జాతి చేపలకు గాలితిత్తినీ లోపలి చెవినీ కలిపే చిన్న ఎముకలుంటాయి, గట్టు మీది చప్పుడు వాటికి బాగా తెలుస్తుంది.

ఇక బెండును చూడడమే పని. పరిగెలు తాకితే అది ఆగకుండా టకటకా వణుకుతుంది, కదలవద్దు. ఎర్రమోసు అడుగు నుంచి ఎరను పైకెత్తితే సీసం బరువు తగ్గి బెండు ముందు పైకి లేచి, తర్వాత నీటి మీద పడుకుంటుంది. చాలామంది మునగడం కోసం ఎదురుచూస్తూ ఆ క్షణాన్ని పోగొట్టుకుంటారు. బొచ్చె అయితే నెమ్మదిగా పక్కకు లాగుతుంది. మణికట్టుతో చిన్న కుదుపు ఇచ్చి, కర్రను ఎత్తి ఉంచి, చేప లాగినప్పుడు వంగనిచ్చి, ఆగినప్పుడు తెచ్చుకోండి. తూటికాడలోకి దూరనిస్తే తంగీసు తెగుతుంది. రూప్‌చంద్ అనే పళ్ళున్న పెంపకపు చేప పడితే దాని పళ్ళకు వేళ్ళు అందనివ్వకండి.

పట్టిన తర్వాత

వదలాలనుకుంటే చేతులు తడుపుకుని, తడిపిన అరిటాకు మీద చేపను పడుకోబెట్టి గాలం తీయండి. ఒంటి మీది జిగురు పొర పోతే దానికి పుండ్లు పడతాయి. మొప్పలు పట్టి వేలాడదీయకుండా, ప్రవాహానికి ఎదురుగా తల ఉంచి, తనంతట తాను ఈదే వరకు పట్టుకోండి. వానాకాలంలో గుడ్లతో ఉన్న శీలావతి, బొచ్చెలను తప్పక వదలమని నా మనవి, ఎందుకంటే ఇవి పారే నీటిలోనే గుడ్లు పెట్టే చేపలు. చెరువుల్లో పెంచే ఈ చేపల పిల్ల దాదాపు అంతా 1957 జూలై 10న శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి ఒడిశాలోని అంగుల్‌లో విజయవంతం చేసిన, ఇంజెక్షన్‌తో గుడ్లు పెట్టించే పద్ధతి దారిలో వచ్చినదే కానీ, నదిలో పుట్టే పిల్లకు నది తప్ప మరో దారి లేదు. బంగారుతీగ బయటి నుంచి వచ్చిన చేప కనుక, పట్టిన చోట వదలవచ్చేమో కానీ, మరో చెరువుకో ఏటికో మోసుకెళ్ళి వదలకూడదు.

తినాలనుకుంటే తల మీద ఒక్క గట్టి దెబ్బతో ప్రాణం తీసి, మొప్ప కోసి నెత్తురు కారనిచ్చి, ఐసులో పెట్టండి. మట్టివాసన వస్తుందని బంగారుతీగను తోసిపుచ్చేవారు, ముక్కలను ఉప్పు, పసుపుతో రుద్ది పలచని మజ్జిగలో అరగంట ఉంచి చూడాలి. పులుపు ఆ వాసనను విరుస్తుంది, చింతపండు పులుసులో ఈ చేప రుచిగా ఉండడానికీ అదే కారణం. చివరగా, తెగిన తంగీసు ముక్కలను గట్టు మీద వదలకుండా ఏరుకోండి, కొంగలు, నీటికోళ్ళ కాళ్ళకు అవి చుట్టుకుంటాయి. మిగిలిన ఉడికిన ఉండలు ఫ్రిజ్‌లో రెండు రోజులు నిలుస్తాయి.