గోడ షీట్ల స్క్రూలు తుప్పు పట్టకుండా బిగించే తీరు

హనుమకొండలో డాబా మీద ఇనుప ఫ్రేము నిలబెట్టి, బయటివైపు రంగు షీటో సిమెంటు బోర్డో కొట్టి గది లేపించుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. నేను చేసేది ఆ పనే. పాత గదుల దగ్గరికి పిలిస్తే ఎక్కువగా కనబడేది ఒకటే: షీటు బాగానే ఉంటుంది, స్క్రూల కింద మాత్రం ఎర్రటి చారలు. వానజల్లు కొట్టే పడమటి గోడకు మరీ ఎక్కువ. షీటుకు అంత పెట్టి స్క్రూ దగ్గర బేరమాడితే నాకు నిజంగా బాధనిపిస్తుంది.

ముందు సరుకు సంగతి. సిమెంటు బోర్డుకు కొందరు జిప్సం పనిలో మిగిలిన నల్ల స్క్రూలు కొట్టేస్తారు. అవి ఇంటి లోపలికే, బయట అసలు వద్దు. తళతళలాడే మామూలు జింకు పూత మందం 5 నుంచి 12 మైక్రాన్లే (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఫ్రేము బోల్టులకు కరిగిన జింకులో ముంచి తీసినవి అడగండి. వాటి పూత 40 మైక్రాన్లు దాటుతుంది, చూడ్డానికి మసక బూడిదరంగు. తన బెజ్జం తానే వేసుకునే సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూ అయితే బయటి వాడకానికని అదనపు కోటింగ్ ఇచ్చినది తీసుకోండి. పశువుల కొట్టంలో, కోళ్ల ఫారంలో అమ్మోనియా జింకును తినేస్తుంది కాబట్టి అక్కడ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూ మేలు. అది మెత్తన, ఇనుమును తనంతట తాను తొలవలేదు. ముందే బిట్టుతో బెజ్జం వేసుకోవాలి. స్టెయిన్‌లెస్ అని ఇచ్చిన స్క్రూ అయస్కాంతానికి గట్టిగా అతుక్కుంటే అది చాలావరకు 410 రకం, బయట తుప్పు పడుతుంది.

ఇక బిగించడం. స్క్రూ షీటుకు నిటారుగా దిగాలి. రబ్బరు వాషరు అంచు, పైనున్న రేకు బిళ్ల కింద నుంచి వెంట్రుకవాసి ఉబికి కనబడగానే ఆపండి. ఇంకో చుట్టు తిప్పితే రబ్బరు చీలి, నీళ్లు మరలోకి దిగుతాయి. అందుకే మెషిన్ క్లచ్ (ఎంత బలంతో తిప్పాలో పెట్టే రింగు) తక్కువలో పెట్టమని మా పిల్లలకు పదేపదే చెప్తాను.

డ్రిల్లు చేసినప్పుడు రాలే ఇనుప పొట్టును ఆ సాయంత్రమే మెత్తటి బ్రష్షుతో ఊడ్చేయండి. రాత్రి మంచు చాలు, తెల్లారేసరికి షీటుకు మరకలు పడతాయి. గ్రైండరు రవ్వలు కూడా షీటు మీద పడనీయొద్దు.

చాలామంది పట్టించుకోనిది టైల్స్ యాసిడ్. గది తయారయ్యాక నేల కడిగితే, దాని పొగ, తుంపర్లు జింకు పూతను తీసేస్తాయి. యాసిడ్ పని షీట్లకు ముందే ముగించండి, లేదా మానేయండి.

ఇప్పటికే తుప్పు పట్టినవుంటే సిలికాన్ పూసి దాచొద్దు. ఒక్కొక్కటే విప్పండి. బెజ్జం చుట్టూ వైర్ బ్రష్షుతో గీకి, జింకు ఎక్కువున్న ప్రైమర్ పూయండి. అది ఆరాక ఒక సైజు లావు స్క్రూను కొత్త వాషరుతో ఎక్కించండి.