మత్తడి దుంకే లోపు కట్ట వెనక్కి దిగి చూడండి

చెరువు నిండితే అందరం నీళ్ల వైపు నిలబడి చూస్తాం, ఫొటోలూ అటే తీస్తాం. మట్టికట్ట ఎలా ఉందో తెలిసేది మాత్రం వెనకవైపు, పొలాల పక్కన, కట్ట అడుగున. మృగశిర కార్తెలో వానలు గట్టిపడక ముందే ఒక పొద్దున చేతిలో కర్ర పట్టుకుని అటు దిగండి (పాములుంటాయి). చుట్టూ గడ్డి ఎండిపోయి ఒక్క చోట మాత్రం తుంగ పచ్చగా ఉందంటే అక్కడ ఊట ఉన్నట్టే. రెండు రాళ్లు పెట్టి గుర్తు చేసుకోండి, వానాకాలమంతా దాని మీద కన్నేసి ఉంచాలి.

ఊట కనపడగానే టెన్షన్ పడాల్సిన పని లేదు. మట్టికట్ట అన్నాక కాస్త చెమ్మ ఉంటుంది. నీళ్లు తేటగా ఉన్నాయా, మట్టి రంగులో ఉన్నాయా అన్నదే అసలు సంగతి. 2023 జులై వానల్లో మా చెరువు కట్ట కింద బొటనవేలంత ధార కనపడింది. ఏం కాదులే అని కొందరు, గండి పడుతుందని కొందరు. మా నీరటి (చెరువు నీళ్లు చూసుకునే) తాత ఏమీ మాట్లాడకుండా ఆ నీళ్లు ఒక గాజు గ్లాసులో పట్టుకొచ్చి టీ కొట్టు బల్ల మీద పెట్టాడు. పావుగంటకు అడుగున వేలెడు మందం మట్టి పేరుకుంది. కట్ట లోపలి మన్ను బయటికి వస్తోందన్నమాట. ఇంక ఎవరూ వాదించలేదు.

అక్కడే మేం ఒక తప్పు చేయబోయాం. నల్లమట్టి తెచ్చి ధార మూసేద్దామన్నారు. అలా మూస్తే లోపలి ఒత్తిడి తగ్గదు, నీళ్లు పక్కన ఇంకో దారి చేసుకుంటాయి. నీళ్లను రానివ్వాలి, మట్టిని ఆపాలి. దానికి ముందు ఇసుక, దాని మీద సన్న కంకర, ఆపైన రాళ్లు వేయాలి. నేలలోంచి నీళ్లు ఉబికి వస్తుంటే చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి, లోపల నీటిమట్టం పెరగనివ్వాలి. ఇంజినీరు వచ్చే దాకా కట్ట ఆగడానికే ఇదంతా. అందుకే కట్ట పక్కన రెండు ట్రాక్టర్ల ఇసుక, ఖాళీ బస్తాలు ఇప్పుడే పెట్టుకోండి. వాన పడ్డాక ఆ బురదలోకి ట్రాక్టర్ రాదు.

ఇక మత్తడి, అంటే చెరువు నిండాక మిగులు నీళ్లు బయటికి పోయే అలుగు. మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లితే నిలవదు. వెనక వాలు కోసుకుంటూ వచ్చి చూస్తుండగానే గండి పడుతుంది. అది జరగకుండా చూసేది మత్తడే. యాసంగికి (రబీకి) ఇంకాసిని నీళ్లు ఆగుతాయని దాని మీద రాళ్లు, బస్తాలు పెడతారు. చేపలు పోకుండా జాలీలు కడతారు. గుర్రపుడెక్క వచ్చి ఆ జాలీకి అడ్డం పడుతుంది. అడుగు నీళ్ల ఆశ కోసం కట్టను పణంగా పెట్టడమే ఇది. చేపల సంఘం వాళ్లను కూర్చోబెట్టుకుని వానలకు ముందే జాలీలు తీయించండి. వరద రాత్రి అడిగితే కొట్లాటే.

కట్ట పైభాగం కూడా ఒకే ఎత్తులో ఉండాలి. ట్రాక్టర్లు, బర్లు ఎక్కి దిగే చోట కుంగి ఉంటుంది, నీళ్లు మొదట పొర్లేది అక్కడే. కంటికి తెలియకపోతే మేస్త్రీ దగ్గర నీళ్ల లెవెల్ పైపు తెచ్చి చూడండి. కుంగిన చోట మొరం పోసి, తడిపి, దిమ్మిస కొట్టించాలి.

కంపచెట్లు కొట్టేయండి గాని, పెద్ద చెట్లను ఇంజినీరును అడగకుండా ముట్టుకోవద్దు. కొట్టాక వేర్లు కుళ్లి లోపల దారులవుతాయి. మోటారు పైపు కోసం కట్టను అడ్డంగా తవ్విన చోట్లు, తూము పక్కలు, ఎండ్రకాయల బొరియలు కూడా చూడండి. కట్ట పొడవునా వచ్చిన పగుళ్ల కన్నా అడ్డంగా వచ్చినవి ప్రమాదం. భయపడి తూము మొత్తం ఎత్తి చెరువును ఒక్కసారిగా ఖాళీ చేయొద్దు, లోపలి వాలు జారిపోతుంది.

మన తెలంగాణలో చాలా వరకు కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులే, అంటే పైచెరువు మిగులు నీళ్లు కిందిచెరువులోకి పోతాయి. ఖాళీ ఉంటే వరదను పట్టుకుంటాయి. నిండాక మాత్రం వచ్చిన నీళ్లను కాస్త నెమ్మదిగా కిందికి పంపగలవు, అంతే. పైచెరువు తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కిందిచెరువు మీద పడతాయి. కాబట్టి పై ఊరి వాళ్ల ఫోన్ నంబర్ మీ దగ్గర, మీది కింది ఊరి వాళ్ల దగ్గర ఉండాలి. గేట్లున్న ప్రాజెక్టులకైనా హద్దు ఉంటుంది. 1958లో ఒకసారి తెగిన నిర్మల్ జిల్లా కడెం ప్రాజెక్టుకు 2022 జులైలో 5 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. 18 గేట్లూ ఎత్తినా పోయేది మూడున్నర లక్షలు, అందులోనూ ఒక గేటు లేవలేదు. దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. 2023 జులైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడింది. ఆ వానలకే వరంగల్‌లో భద్రకాళి చెరువు కట్టకు గండి పడింది.

వాన ఆగని రాత్రి కట్ట మీదికి ఒక్కరే వెళ్లొద్దు. ఇద్దరు, రెండు టార్చిలు. ఇంకొకరు ఊళ్లో ఫోన్ పట్టుకుని ఉండాలి. గంటగంటకూ నీటిమట్టం చూడటానికి తూము రాతి మీద రంగుతో గీతలు గీసుకోండి. మత్తడి దుంకుతుంటే దాటే ప్రయత్నం వద్దు. మోకాలి లోతే కదా అనిపిస్తుంది గాని ఆ ఊపుకు కాలు నిలవదు. ధార మట్టిగా మారినా, కట్ట ఎక్కడైనా కుంగినా, ఇంకోసారి చూద్దామని ఆగకుండా 112కు, ఇరిగేషన్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు) ఫోన్ చేసి, కట్ట కింది ఇళ్ల వాళ్లను లేపండి.

కొట్టంలో పశువులను ఆ రాత్రి కట్టేయొద్దు. 2023లో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిలోకి తెల్లవారుజామున వాగు వచ్చినప్పుడు మనుషులు చాలామంది మేడలెక్కి బతికారు. పశువులు కొట్టుకుపోయాయి. పడుకోబోయే ముందే పలుపులు విప్పేయండి.