ల్యాబ్‌వ్యూలో తేదీ పాఠాన్ని టైమ్‌స్టాంప్‌గా మార్చే ముందు జాగ్రత్తలు

ల్యాబ్‌వ్యూ అంటే బ్లాకులను వైర్లతో కలిపి ప్రోగ్రాం రాసే సాఫ్ట్‌వేర్; అందులో టైమ్‌స్టాంప్ అంటే తేదీ, సమయం కలిసిన విలువ. వైర్లు కలపకముందే రీడింగులున్న ఫైలు తెరిచి కొన్ని వరుసలు కళ్లారా చూడండి. 07/03/2024 అంటే మార్చి 7 కావచ్చు, జులై 3 కూడా కావచ్చు. రెండూ చెల్లే తేదీలే కాబట్టి ఏ ఎర్రరూ రాదు, గ్రాఫ్ మాత్రం తప్పుతుంది. అందుకే 12 దాటిన రోజున్న వరుసను వెతికి, దాన్ని బట్టే పాఠాన్ని విలువగా మార్చే స్కాన్ ఫ్రమ్ స్ట్రింగ్ ఫంక్షన్‌కు ఫార్మాట్ (పాఠంలో ఏది ఏ వరుసలో ఉందో చెప్పే నమూనా) రాయండి.

• పాఠంలోని సమయం స్థానికమా, యూటీసీనా (ప్రపంచ ప్రామాణిక సమయమా)? యూటీసీ అయితే ఫార్మాట్‌లో % పక్కనే ^ పెట్టాలి. మరిచిపోతే భారత సమయంలో ఉన్న కంప్యూటర్‌లో ప్రతి రీడింగూ అయిదున్నర గంటలు జరిగిపోతుంది.

• సెకన్ల భిన్నానికి చుక్క ఉందా, కామానా? కంప్యూటర్ సెట్టింగులను నమ్ముకోకుండా ఫార్మాట్‌లోనే చెప్పడం మేలు.

• ఎర్రర్ సమాచారాన్ని మోసే ఎర్రర్ వైరును కలపకుండా వదిలేయకండి. ఖాళీ వరుస తగిలితే 85వ నంబరు ఎర్రర్ (పాఠం ఫార్మాట్‌కు సరిపోలేదని) వస్తుంది. ఆ వరుసను పక్కన రాసిపెట్టుకోండి.

• అంకె రూపంలో యునిక్స్ సెకన్లు వస్తే నేరుగా మార్చకండి. ల్యాబ్‌వ్యూ లెక్క 1904 జనవరి 1 నుంచి, యునిక్స్ లెక్క 1970 నుంచి. ఆ తేడా 2,08,28,44,800 సెకన్లు కలపకపోతే 2024 నాటి రీడింగు 1958లో తేలుతుంది.

అన్నిటికంటే గట్టిగా చెప్పేది ఒకటుంది. టైమ్‌స్టాంప్‌ను అంకెగా మార్చాల్సి వస్తే డబుల్ (64 బిట్ల దశాంశ సంఖ్య) వాడండి, సింగిల్ (32 బిట్లది) వద్దే వద్దు. ఇప్పటి తేదీలకు డబుల్ మైక్రోసెకనులో సగం వరకు పట్టుకుంటుంది. సింగిల్‌లో పక్కపక్క విలువల మధ్య దూరమే 256 సెకన్లు. నాలుగు నిమిషాల కొలతలన్నీ ఒకే క్షణంలో కుప్పపడతాయి.