లినక్స్ సర్వర్‌లో రూట్ (అడ్మిన్ ఖాతా) పేరు మీద వచ్చే మెయిల్ మీ లాగిన్‌కి రావడం లేదా? ముందు న్యూఏలియాసెస్ నడిపారా?

సమస్య: క్రాన్ (టైమ్ ప్రకారం పనులు నడిపే ప్రోగ్రామ్) రిపోర్టులు, డిస్క్ హెచ్చరికలు రూట్ పేరు మీద వస్తుంటాయి. వాటిని మామూలు యూజర్‌కి మళ్లించడానికి ఈటీసీ ఫోల్డర్‌లోని ఏలియాసెస్ ఫైల్‌లో (ఎవరి మెయిల్ ఎవరికి వెళ్లాలో రాసే ఫైల్) "రూట్: రవి" అని రాశారు. అయినా రవికి ఒక్క మెయిలూ రావడం లేదు.

ఫైల్ సేవ్ చేశాక న్యూఏలియాసెస్ కమాండ్ నడిపారా? మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్ పోస్ట్‌ఫిక్స్ చూసేది మీరు రాసిన ఫైల్‌ని కాదు, దాని నుంచి ఈ కమాండ్ తయారుచేసే డేటాబేస్‌ని. అమీర్‌పేటలో కోర్సు చేసి వచ్చిన పిల్లలకు ఆ ఫైల్ ఎక్కడుందో నోటికొచ్చు. ఈ ఒక్క కమాండే మర్చిపోతారు. లైన్ ముందు హాష్ గుర్తు (#) ఉండిపోయిందేమో కూడా చూడండి, అది ఉంటే ఆ లైన్ లెక్కలోకి రాదు.

ఇవి సరిగ్గా ఉన్నా రాకపోతే, నన్ను బాగా ఏడిపించిన కారణం ఇంకొకటుంది. మాదాపూర్‌లో ఒక ఆఫీసు సర్వర్‌లో రెయిడ్ (డేటా పోకుండా కలిపి వాడే డిస్కుల సెట్) డిస్కు ఒకటి పోయింది. రెయిడ్‌ని చూసుకునే ఎండీఏడీఎం ప్రోగ్రామ్ రూట్‌కి మెయిల్ పంపింది, ఎవరికీ అందలేదు. మెయిల్ లాగ్‌లో "సెంట్" అని ఉంటే నమ్మేశాను. అదే లైన్‌లో రిలే (మెయిల్‌ని ఎవరికి అప్పగించిందో చెప్పేది) దగ్గర "లోకల్" అని ఉండాలి, అక్కడ కంపెనీ మెయిల్ సర్వర్ పేరు ఉంది!

ఏలియాసెస్ ఫైల్ పనిచేసేది లోకల్ డెలివరీకే, అంటే అదే మెషీన్‌లో అందే మెయిల్‌కే. ఒట్టి "రూట్" అనే పేరు వెనక పోస్ట్‌ఫిక్స్ తన సెట్టింగుల్లోని మైఆరిజిన్ విలువను (డొమైన్ పేరు) తగిలిస్తుంది. డెబియన్, ఉబుంటులలో ఆ విలువ సాధారణంగా ఈటీసీలోని మెయిల్‌నేమ్ ఫైల్ నుంచి వస్తుంది. అందులో ఎవరో కంపెనీ డొమైన్ పెట్టారు. ఈ మెషీన్ తనవిగా భావించే డొమైన్ల జాబితా మైడెస్టినేషన్‌లో ఆ డొమైన్ లేదు కాబట్టి మెయిల్ బయటికి వెళ్లిపోయింది.

పరిష్కారం: మెయిల్‌నేమ్‌లో ఆ మెషీన్ పూర్తి హోస్ట్‌నేమ్ పెట్టండి, అదే పేరు మైడెస్టినేషన్‌లో ఉండేలా చూసి పోస్ట్‌ఫిక్స్‌ని రీలోడ్ చేయండి. కంపెనీ డొమైన్‌నే మైడెస్టినేషన్‌లో చేర్చేయకండి. అప్పుడు ఆ సర్వర్ నుంచి సహోద్యోగులకు వెళ్లే మెయిల్స్ అన్నీ అక్కడే ఆగి, "యూజర్ అన్‌నోన్" అని తిరిగొస్తాయి.

మెయిల్స్, లాగ్‌లు ఉండే వార్ (/var) పార్టిషన్ నిండిపోవడం, యూజర్ పేరు తప్పు రాయడం అరుదు. లాగ్ చూస్తే వెంటనే తెలుస్తాయి.

చివరగా రూట్‌కి ఒక టెస్ట్ మెయిల్ పంపి లాగ్ చూడండి. "టు" దగ్గర రవి, "ఒరిగ్ టు" (మొదట రాసిన చిరునామా) దగ్గర రూట్, రిలే దగ్గర లోకల్ ఉండాలి.