కేసు రిపోర్టు రాసే ముందు నా నానో కథ వినండి

ఎంబీఏలో కేసు అంటే ఒక కంపెనీకి ఎదురైన సమస్యను వివరించే పాఠం; దాన్ని చదివి ఏం చేయాలో చెప్పేది కేసు రిపోర్టు. హైదరాబాద్‌లో ఎంబీఏ మొదటి ఏడాది ఇంగ్లీషులో నేను రాసిన తొలి కేసు రిపోర్టు టాటా నానో కారు మీద. తొమ్మిది పేజీలు. పశ్చిమ బెంగాల్‌లోని సింగూరులో ఫ్యాక్టరీ భూమి గొడవ, గుజరాత్‌లోని సాణంద్‌కు తరలిన ఫ్యాక్టరీ, లక్ష రూపాయల ధర, ఏదీ వదల్లేదు. మేడం అంచున ఒకే ముక్క రాసి తిరిగిచ్చారు: "ఇదంతా కేసులోనే ఉంది. మీరేం చేయమంటారు?" ఇప్పుడు జూనియర్ల రిపోర్టులు దిద్దుతుంటే అదే ముక్క నేనూ రాస్తున్నాను.

ముందు కేసు ఏ తేదీ దగ్గర ఆగిందో చూడండి. మాది 2010 డిసెంబరు. అంతకుముందు నెల నానో అమ్మకాలు 509. ఆ రోజున కంపెనీ అధికారి కుర్చీలో మీరు కూర్చున్నారు. 2018లో ఉత్పత్తి ఆగిపోయిన సంగతి మీకు తెలిసినా ఆ అధికారికి తెలియదు. నేను మాత్రం దాన్ని గొప్పగా రాశాను. అర మార్కు కూడా పడలేదు.

తర్వాత కేసు చివరి పేజీల్లోని పట్టికలు పట్టుకోండి. సాణంద్ ఫ్యాక్టరీ సామర్థ్యం ఏడాదికి 2.5 లక్షల కార్లు, అంటే నెలకు దాదాపు 20,800. అందులో 509 రెండున్నర శాతం కూడా కాదు. "అమ్మకాలు బాగా పడిపోయాయి" అని అందరూ రాస్తారు. ఈ లెక్క వేసి చూపినవారి దగ్గర మేడం కాసేపు ఆగుతారు.

ఇక ఇంగ్లీషు సంగతి. తెలుగులో క్రియ చివర వస్తుంది. వాదననూ మనం అలాగే నడుపుతాం: నేపథ్యం, కారణాలు, చిట్టచివర "కాబట్టి". ఇంగ్లీషు రిపోర్టులో ఆ "కాబట్టి" పేరా మొదట్లోనే ఉండాలి. నా పాత పేరా సారాంశం ఇది: నానో 2009లో విడుదలైంది, చవక కారన్న పేరు పడింది, స్కూటరు నుంచి కారుకు మారే కుటుంబం పరువు చూసుకుంటుంది, కాబట్టి ధర గురించి ప్రచారం తగ్గించాలి. చివరి వాక్యాన్ని పేరా మొదటికి తెచ్చి, పాత మొదటి వాక్యాన్ని కొట్టేశాను. పేరా నిటారుగా నిలబడింది.

‘యూజ్’ సరిపోయే చోట ‘యుటిలైజ్’ రాస్తే చదువుకున్నవాళ్ళమని ఎవరూ అనుకోరు. కేసులో జరిగినవి భూతకాలంలో, మీ విశ్లేషణ వర్తమానంలో రాయండి. 509 అన్న అంకె పరువు సమస్యను ‘ప్రూవ్’ చేయదు, ‘సజెస్ట్’ చేస్తుంది. ఎందుకంటే అదే ఏడాది కొన్ని నానోలకు మంటలంటుకున్న వార్తలూ వచ్చాయి. దెబ్బ ఏ కారణం వల్ల ఎంత పడిందో ఆ ఒక్క అంకెతో తెలియదు.

స్వాట్, పెస్టెల్, పోర్టర్ ఐదు శక్తులు అని కంపెనీని, దాని చుట్టూ ఉన్న పరిస్థితులను గళ్ళలో పెట్టి విశ్లేషించే చట్రాలున్నాయి. మూడూ కూరకండి, ఒకటి చాలు. గళ్ళన్నీ నింపడానికి అదేమీ పదవినోదం కాదు.

"మార్కెటింగ్ మెరుగుపరచాలి" అన్నది సలహా కాదు. చిన్న పట్టణాల్లో కొనేవారికి అప్పు ఇప్పించే ఏర్పాటు అమ్మకాల విభాగం మూడు నెలల్లో చేయాలి, దానికి ఇంత ఖర్చవుతుంది అంటే సలహా. మీరు కాదన్న దారిని ఎందుకు కాదన్నారో కూడా రెండు వాక్యాలు రాయండి.

మొదటి పేజీలో ఉండే సారాంశాన్ని అన్నిటికన్నా చివర రాయండి. నేను ముందే రాసి, మధ్యలో మనసు మార్చుకుని, దాన్ని దిద్దడం మరిచిపోయాను. మొదటి పేజీలో ధర తగ్గించమన్నాను, ఎనిమిదో పేజీలో పెంచమన్నాను. మేడం రెండు చోట్లా ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం పెట్టారు.