పెడల్ వదిలినా రేస్ తగ్గడం లేదా? కేబుల్ యాక్సిలరేటర్ ఉన్న డీజిల్ పికప్‌లో లోపం వెతికే పద్ధతి

మెకానికల్ పంపు ఉన్న పాత తరం డీజిల్ పికప్‌లలో కాలి కింది యాక్సిలరేటర్ పెడల్‌ను ఇంజను పక్కనున్న డీజిల్ పంపు లివర్‌తో కలిపేది సాధారణంగా ఒక ఉక్కు కేబులే. పెడల్ వదిలినా రేస్ (ఇంజను వేగం) పట్టుకుని ఉండిపోతోందన్నా, ఐడ్లింగ్ (పెడల్ తొక్కనప్పుడు ఇంజను తిరిగే వేగం) ఎక్కువగా ఉందన్నా, కారణం చాలాసార్లు ఈ దారిలోనే దొరుకుతుంది. అయినా షెడ్డులో ముందుగా స్క్రూడ్రైవర్ వెళ్లేది పంపు మీది ఐడ్లింగ్ స్క్రూ దగ్గరికే. ఇది సరైన పద్ధతి కాదు. లివర్ వెనక్కి వచ్చి ఆ స్క్రూను తాకనే తాకనప్పుడు దాన్ని ఎంత తిప్పినా రేస్ తగ్గదు. పైగా తర్వాత కేబుల్ బాగుచేసిన రోజున, అలా వదులు చేసిన స్క్రూ వల్లనే ఇంజను ఐడ్లింగ్‌లో నిలవకుండా ఆగిపోతుంది.

దారిలో ఉండగా రేస్ పట్టేస్తే

ముందు బ్రేకు గట్టిగా, ఒకే పట్టుగా తొక్కి ఉంచాలి. మళ్లీ మళ్లీ తొక్కి వదలకూడదు. క్లచ్ నొక్కి, గేరు న్యూట్రల్‌కు తెచ్చి, బండిని పక్కకు ఆపిన తరువాతే ఇంజను ఆపాలి, ఎందుకంటే ఇంజను ఆగితే బ్రేకు తొక్కడాన్ని తేలిక చేసే బూస్టరుకు వాక్యూమ్ అందదు, పవర్ స్టీరింగ్ కూడా బరువెక్కుతుంది. బండి కదులుతుండగా తాళంచెవి బయటికి లాగితే స్టీరింగ్ లాక్ పడే ప్రమాదం ఉంది.

లోపం కేబుల్‌లోనా, పంపులోనా?

బండిని సమతలంలో నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టండి. ఇంజను ఆపి, పంపు లివర్ దగ్గర కేబుల్ కొనను విప్పి, లివర్‌ను వేలితో నెట్టి వదలండి. టక్కున స్క్రూ మీదికి వచ్చి ఆగితే పంపు వైపు బాగున్నట్టు. ఆ స్థితిలో ఇంజను స్టార్ట్ చేసినప్పుడు ఐడ్లింగ్ మామూలుగా ఉంటే లోపం కేబుల్‌లోనో పెడల్‌లోనో ఉన్నట్టే. లివర్ బద్ధకంగా వస్తే, లేదా మధ్యలో ఆగిపోతే, స్ప్రింగునూ లివర్ ఇరుసునూ చూడాలి. ఈ ఒక్క పరీక్షతో వెతకవలసిన చోటు సగానికి తగ్గిపోతుంది.

పెడల్ నెమ్మదిగా లేస్తుంది, లేదా కింద ఉండిపోతుంది

మొదట ఫ్లోర్ మ్యాట్ తీసి చూడండి. ముందుకు జారిన మందపాటి మ్యాట్ పెడల్ కింది అంచును పట్టేయడం చాలా సాధారణం. తరువాత పెడల్ ఇరుసులో చేరిన మట్టిని తుడిచి కొద్దిగా గ్రీజు పెట్టాలి. అప్పటికీ మారకపోతే కేబుల్ రెండు కొనలనూ వెలుతురులో పరిశీలించండి. లోపలి తీగలో తెగిన ఒక సన్నని పోగు బయటి గొట్టం అంచుకు సూదిలా గుచ్చుకుని, పెడల్ తొక్కినప్పుడు జారి, వదిలినప్పుడు అడ్డుపడుతుంది. అలాంటి కేబుల్‌ను మార్చడమే పరిష్కారం. లోపల నైలాన్ పొర ఉన్న కేబుల్‌లో నూనె పోయడం కూడా మంచిది కాదు. అది దుమ్ముతో కలిసి ముద్ద కట్టి మళ్లీ పట్టేస్తుంది.

చల్లగా ఉన్నప్పుడు బాగుండి, వేడెక్కాక మాత్రమే పట్టేస్తుంటే కేబుల్ ఎటు నుంచి పోతోందో చూడండి. క్లచ్ పనో, గేర్‌బాక్సు పనో చేసి తిరిగి బిగించేటప్పుడు కేబుల్‌ను ఎగ్జాస్టుకు ఆనించి వదిలేయడం వల్ల లోపలి పొర మెత్తబడి తీగను పట్టుకుంటుంది.

గేరులో కదిలించినప్పుడు రేస్ దానంతట అదే పెరుగుతుంది

ఇది ఎక్కువమంది గుర్తించని లోపం. ఇంజను మౌంటింగ్ రబ్బరు చిరిగితే బరువు పడగానే ఇంజను ఒక పక్కకు ఒరుగుతుంది, దానితోపాటు పంపు కూడా జరిగి బిగుతుగా ఉన్న కేబుల్ లివర్‌ను లాగుతుంది. పెడల్ వదిలి ఉన్నప్పుడు కేబుల్‌లో కొన్ని మిల్లీమీటర్ల వదులు ఉండాలి. కేబుల్‌ను వదులు చేసి సరిపెట్టుకోకుండా మౌంటింగ్ మార్చాలి.

లివర్ వెనక్కి రాదు

పంపు స్ప్రింగు సాగిపోయినా, తెగినా, దానికి సరిపడే స్ప్రింగే వేయాలి. టైరు ట్యూబు ముక్క కట్టి నడిపించే అలవాటును ఎవరూ ప్రోత్సహించకూడదు. ఇంజను వేడికి, డీజిల్ తడికి ఆ రబ్బరు ఎప్పుడు తెగుతుందో తెలియదు. లివర్ ఇరుసు చుట్టూ పేరుకున్న మురికిని డీజిల్‌తో, బ్రష్‌తో శుభ్రం చేయండి. సీలు వేసిన గరిష్ఠ వేగపు స్క్రూను మాత్రం ముట్టుకోవద్దు.

లివర్ స్క్రూను తాకుతోంది, అయినా రేస్ ఎక్కువే

ఉదయం చల్లని ఇంజను కాసేపు ఎక్కువ ఆర్‌పీఎంలో తిరగడం కొన్ని బళ్లలో సహజమే. రేస్ పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంటే డీజిల్ పైపులో గాలి చేరిందేమో చూసి, ఫిల్టరు దగ్గర ఎయిర్ తీయాలి. ఇవేవీ కాకపోతే లోపం పంపు లోపలి గవర్నర్‌లో (ఇంజను వేగాన్ని అదుపు చేసే భాగంలో) ఉండవచ్చు. అది పంపు కాలిబ్రేషన్ చేసేవారి పని.

అయితే నీలిరంగు పొగతో రేస్ పెరుగుతుంటే ఆలస్యం చేయకండి. డిప్‌స్టిక్‌పై ఆయిల్ మట్టం గుర్తును దాటి ఉందా, ఆయిల్ పలచబడి డీజిల్ వాసన వస్తోందా, బ్రీదర్ పైపులో (ఇంజను లోపలి ఆవిరి బయటికి పోయే గొట్టంలో), టర్బో గొట్టంలో ఆయిల్ నిలిచిందా చూడాలి. ఇంజను తన ఆయిల్‌నే పీల్చి మండించడం మొదలుపెడితే తాళంచెవి తిప్పినా ఆగదు, గవర్నర్ కూడా అదుపు చేయలేదు. అప్పుడు బండి నిలిచి ఉంటే బ్రేకు బలంగా తొక్కి, టాప్ గేరులో క్లచ్ వదిలి ఇంజనును అణచివేయాలి. చేతినీ గుడ్డనూ గాలి గొట్టం దగ్గరికి తీసుకుపోవద్దు; లోపలికి లాగేసే బలం దానికి ఉంటుంది.

కంప్యూటరు అదుపులో డీజిల్ చిమ్మే కామన్ రైల్ బళ్లలో ఈ కేబుల్ ఉండదు. పెడల్ సెన్సర్‌ను స్కానర్‌తో చూడాలి. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బళ్లలో పొగ ఫిల్టరు శుభ్రమయ్యే సమయంలో ఐడ్లింగ్ కొద్దిగా పెరగడం లోపం కాదు.

అన్నీ సరిచేశాక, ఇంజను పూర్తిగా వేడెక్కి లివర్ స్క్రూను తాకి ఉన్నప్పుడు మాత్రమే ఐడ్లింగ్ స్క్రూను ముట్టుకోవాలి. చాలా నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్లలో ఐడ్లింగ్ సుమారు 750 నుంచి 850 ఆర్‌పీఎం మధ్య ఉంటుంది. మీ బండి మాన్యువల్‌లోని అంకెకు తెచ్చి, లాక్ నట్టు బిగించి, పెడల్‌ను పలుమార్లు పూర్తిగా తొక్కి వదిలి, ప్రతిసారీ లివర్ స్క్రూ వరకు వస్తోందో లేదో ఇంకొకరి చేత చూపించుకోండి.